కడబంతి దాకా కూర వస్తోందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద, రిజర్వేషన్ల మీద. థామస్ సోవెల్ అనే అమెరికా ఆర్థికవేత్త మాటల్ని ఎవరో తెలుగులోకి దించి వాట్సాప్‌లో వదిలినట్టున్నారు, తిరుపతి నుంచి పలమనేరు దాకా అందరి ఫోన్లలోకీ చేరిపోయాయి. చిట్టీల గురించి, బంగారం మీద అప్పు గురించి అడిగినవాళ్లు ఒక్క వారం ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మాది తిరుపతి కొర్లగుంట. సోవెల్ నల్లజాతివాడే అయినా రిజర్వేషన్ల వల్ల మేలు కంటే కీడే ఎక్కువని లెక్కలతో సహా రాశాడు, మన దేశం గురించి కూడా రాశాడు. అంతటివాడు చెప్పాక కూడా మనం ఇంకా వీటిని పట్టుకుని వేలాడటం ఎందుకు? దీని మీద మా ఆఫీసులో పెద్ద గొడవే అయింది.

జవాబు: ముందు ఆ "నల్లజాతివాడే అయినా" అన్న ముక్క తీసి పక్కన పెట్టండి. మనకు నచ్చిన మాట అవతలి ఇంట్లో పుట్టినవాడి నోటి నుంచి వస్తే దానికి రెండింతలు తూకం వేస్తాం. అది వాదన కాదు, సాక్షిని వెతుక్కోవడం. సోవెల్ జీవితమంతా అడిగింది ఒకటే: మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, ఫలితం ఏమొచ్చిందో చూపించండి. ఆయన్ని కూడా అదే అడుగుదాం.

మనిషి మామూలువాడు కాదు. 1930లో నార్త్ కరోలినాలో పుట్టాడు, పుట్టకముందే తండ్రి పోయాడు, బంధువుల దగ్గర న్యూయార్క్ హార్లెంలో పెరిగాడు, హైస్కూలు మధ్యలో మానేసి చిల్లర పనులు చేసి సైన్యంలో పనిచేసి, ఆ తర్వాత 1958లో హార్వర్డ్ నుంచి డిగ్రీ, మరుసటి ఏడాది కొలంబియా నుంచి ఎం.ఏ., 1968లో షికాగో నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. ఇరవైల్లో ఆయన మార్క్సిస్టు అంటే మీ వాట్సాప్ గ్రూపువాళ్లు నమ్మరేమో.

ఆయన మారింది చెరకు వల్ల. 1960 వేసవిలో అమెరికా కార్మిక శాఖలో చిన్న ఉద్యోగంలో చేరి ప్యూర్టోరికో చక్కెర పరిశ్రమ లెక్కలు చూస్తుంటే, కనీస వేతనం పెంచినప్పుడల్లా పనులు తగ్గుతున్నట్టు కనిపించింది. ఒకరు కూలి పెంచడం వల్లే పనులు పోయాయంటారు, ఇంకొకరు తుఫాన్లు పంటను ఊడ్చేయడం వల్ల అంటారు. తుఫాను రాకముందు పొలంలో ఎంత చెరకు నిలబడి ఉందో ఆ లెక్క తెప్పిస్తే ఎవరిది నిజమో తేలిపోతుంది కదా అని ఈయన అడిగాడు. ఆఫీసులో అందరి ముఖాలూ మాడిపోయాయట. ఎందుకంటే ఆ శాఖ బడ్జెట్‌లో పెద్ద వాటా ఆ వేతన చట్టం అమలు మీదే నడుస్తోంది, జవాబు తేలడం ఎవరికీ అక్కర్లేదు. తుఫానుకు ముందు పొలంలో నిలబడ్డ చెరకు లెక్క ఎందుకంత ముఖ్యమో మన చిత్తూరు బెల్లం రైతుకు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. నాకు సోవెల్ మీద గౌరవం కలిగింది ఈ కథ దగ్గరే.

ఇక ఆయన వాదన. 2004లో భారత్, మలేషియా, శ్రీలంక, నైజీరియా, అమెరికాలను పక్కపక్కన పెట్టి ఒక పుస్తకం రాశాడు, 2023లో సామాజిక న్యాయం అనే భావన మీదే ఇంకొకటి. రెండు వర్గాల మధ్య తేడా ఉన్నంత మాత్రాన అది వివక్ష వల్లే అనుకోకండి, ఒకే తల్లి కన్న పిల్లల్లో కూడా పెద్దబిడ్డ ఎక్కువగా పైకొస్తాడు, అంటాడు. అది నిజమే, తేడాకు వంద కారణాలుంటాయి. కానీ వంద కారణాలున్నాయి కాబట్టి వివక్ష అనే కారణం లేదని ఎవరైనా లాగితే అది సోవెల్ లెక్క కాదు, మన సౌకర్యం.

తాత్కాలికం అని మొదలుపెట్టింది ఎక్కడా తాత్కాలికంగా ఆగలేదని, పైగా జాబితాలోకి ఎక్కడానికి కొత్తవాళ్లు క్యూ కడతారని ఆయన ఇంకో మాట. దానికి సాక్ష్యం కోసం అమెరికా పోనక్కర్లేదు, 2017 డిసెంబరులో మన అసెంబ్లీనే కాపులకు 5 శాతం ఇవ్వాలని బిల్లు పాస్ చేసింది, అందులో మన జిల్లా బలిజలూ ఉన్నారు. ఒకప్పుడు వెనకబడినవాడివి అంటే కొట్లాటకు వచ్చేవాళ్లు, ఇప్పుడు అనకపోతే ధర్నాకు వస్తున్నారు. ఇక్కడ సోవెల్‌కి పూర్తి మార్కులు.

అమెరికాలో నల్లజాతి కుటుంబాల పేదరికం 1940లో 87 శాతం నుంచి 1960లో 47 శాతానికి దిగింది, అప్పటికి చదువుల్లో, ఉద్యోగాల్లో నల్లవాళ్లకు ప్రాధాన్యం ఇచ్చే ఈ ప్రత్యేక చర్యలు ఏవీ లేవు, కాబట్టి వాటి గొప్ప ఏముంది అని కూడా అడుగుతాడు. అంకెలు సరైనవే. కానీ ఆ ఇరవై ఏళ్లలో లక్షలమంది దక్షిణాది పొలాలు వదిలి ఉత్తరాది ఫ్యాక్టరీలకు పోయారు. ఊరు విడిస్తే బాగుపడ్డారంటే ఆ ఊళ్లో ఏముందో కూడా అడగాలి కదా. అక్కడ చట్టమే నల్లవాళ్లకు బడి వేరు, బస్సులో సీటు వేరు అని రాసిపెట్టింది. అక్కడ ఊరు మారితే ఆ చట్టం నుంచి తప్పించుకోవచ్చు. ఇక్కడ కులం పెళ్లిచూపుల్లోనూ, అద్దె ఇంటి ఓనరు అడిగే మొదటి ప్రశ్నలోనూ వెంటే వస్తుంది.

ఇంకో సంగతి, మీ ఆఫీసులో అమెరికా పద్ధతినీ మన పద్ధతినీ ఒకే గాటన కట్టేశారనుకుంటాను. అక్కడ కోటాలు కుదరవని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పేసింది, 2023 జూన్‌లో అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్నే కొట్టేసింది. మనది అంకె కట్టిన కోటా, రాజ్యాంగం అనుమతించిన కోటా.

ప్రశ్న: అన్నా, మేము పలమనేరు పక్క, బీసీ-ఏ. మా తాత, నాయన, నేను అందరమూ కత్తెర పట్టినోళ్లమే. మా కుటుంబంలో ఇప్పటిదాకా ఒక్క గవర్నమెంటు ఉద్యోగం లేదు. ఆయన చెప్పినట్టు పైనోళ్లే అంతా తినేస్తా ఉంటే మాలాంటోళ్లకు ఇది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే కదా?

జవాబు: తినేస్తున్నారన్నది నిజం. లేకున్నా ఒకటే అన్నది నిజం కాదు. రెండూ విడివిడిగా చెబుతాను.

సోవెల్ వాదనల్లో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది ఇదే: వర్గం పేరు మీద ఇచ్చింది ఆ వర్గంలో ముందు బంతిలో కూర్చున్నవాళ్లకే చేరుతుంది అని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మనవాళ్ల సామెత, కానీ వడ్డించేవాడు ఎవరో మీకు తెలియనప్పుడు కడబంతికి వచ్చేసరికి గిన్నెలో మిగిలేది చారే. కేంద్రం 2017లో వేసిన రోహిణి కమిషన్ కేంద్ర ఉద్యోగాలు, సీట్ల లెక్క తీస్తే ఓబీసీ వాటాలో 97 శాతం నాలుగో వంతు కులాలకే పోయింది. 983 కులాలకు సున్నా. తక్కువ కాదు, సున్నా.

అయితే సోవెల్ ఈ లెక్క దగ్గర ఆగి, చూశారా ఇది పనిచేయదు అంటాడు. మన రాష్ట్రంలో ఇదే సమస్యను చాలా ముందే పట్టుకుని ఇంకోలా ఆలోచించారు. 1970లో అనంతరామన్ కమిషన్ బీసీలను ఏ, బీ, సీ, డీ అని విడదీయమంది, ఇప్పటి లెక్కలో ఏకి 7 శాతం, బీకి 10, సీకి 1, డీకి 7, తర్వాత 2007లో వచ్చిన ఈకి 4. మీ 7 శాతంలోకి డీ గ్రూపువాళ్లు రాలేరు. కేంద్రం జాబితాలో ఆ గోడ లేదు, అక్కడ మీరూ వాళ్లూ ఒకే బంతి. ఎస్సీల్లో కూడా మాదిగలు ఇదే మాట మీద 1994 నుంచి ముప్పై ఏళ్లు రోడ్డెక్కారు. 2004లో సుప్రీంకోర్టు కాదంది, 2024 ఆగస్టు 1న అవునంది, 2025లో మన రాష్ట్రం 15 శాతాన్ని ఒకటి, ఆరున్నర, ఏడున్నరగా పంచింది. కూర చాలని బంతికి విడిగా గిన్నె పెట్టడమంటే ఇది.

కానీ మీ బంతికి గిన్నె పెట్టినా కూర విస్తట్లో పడట్లేదు అంటున్నారు, అది ఎక్కడ ఆగుతుందో నేను కళ్లారా చూశాను. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో యూనివర్సిటీ దారిలో ఒక ఇంటర్నెట్ షాపులో ఏదో ప్రింట్ కోసం నిలబడి ఉన్నాను. ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరూ బీసీలే, ర్యాంకులు కూడా అటూఇటూగా దగ్గరే. ఒకడి వెంట తండ్రి, ఏదో శాఖలో ఆఫీసరు, చేతిలో పోయిన సంవత్సరం కట్‌ఆఫ్‌ల లిస్టు, పసుపు రంగు పెన్నుతో గీతలు కొట్టినది, అరవై డెబ్బై వెబ్ ఆప్షన్లు పెట్టించాడు. రెండోవాడు ఒక్కడే వచ్చాడు, మూడు ఆప్షన్లు పెట్టి లేవబోయాడు. మూడేనా నాయనా అంటే, మా ఊరి బస్సు పోయే కాలేజీలు ఈ మూడే సార్, ఎక్కువ పెడితే ఎక్కువ డబ్బులు కట్టాలేమో అన్నాడు. షాపతను పక్కనే ఉన్నాడు, కట్టనక్కర్లేదని చెప్పలేదు. హాస్టలు ఉంటుందని, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఆ పిల్లవాడికి తెలియదు, ఆదాయ సర్టిఫికెట్ కూడా పాతది తెచ్చుకున్నాడు.

తెలివి ఒకటే, కేటగిరీ ఒకటే, తేడా సమాచారంలో. తమాషా ఏమిటంటే సమాచారం అందరి దగ్గరా సమానంగా ఉండదు, అది ఎవరి చేతిలో ఉందో చూడకుండా పథకాలు రాయకండి అని జీవితమంతా చెప్పినవాడు సోవెలే. ఆ మాటను పట్టుకుని మీ మండలంలో ఆప్షన్లు పెట్టించే మనిషిని ఒకరిని పెడితే కడబంతికి కూర వస్తుంది. ఆయన మాత్రం వంటే ఆపమంటాడు. నాకూ ఆయనకూ తగాదా అక్కడే. మీ అబ్బాయి ఇంటర్ అయ్యాక ఈ పత్రికకు రాయండి, ఆప్షన్ల జాబితా నేను వేసి పంపుతాను.

ప్రశ్న: రాజ్యాంగంలో రిజర్వేషన్లు పదేళ్లకే అని రాశారు, నాయకులు ఓట్ల కోసం పొడిగిస్తున్నారు. అవునా కాదా, ఒక్క ముక్కలో చెప్పండి. (శ్రీకాళహస్తి)

జవాబు: కాదు. పదేళ్ల గడువు చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీ సీట్లకు, అది 334వ అధికరణ, ఇప్పుడు 2030 దాకా పొడిగించారు. చదువులు, ఉద్యోగాల విషయంలో గడువు ఎప్పుడూ లేదు. ఇంకో ముక్క కూడా చెప్పనివ్వండి, మన ప్రాంతంలో ఇవి రాజ్యాంగం కంటే పాతవి. చిత్తూరు జిల్లా మద్రాసులో ఉన్న రోజుల్లోనే ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులకు ఒకటి, ముస్లింలకు ఒకటి అని ఉత్తర్వు ఉండేది. 1951లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తే, అదే ఏడాది జూన్‌లో రాజ్యాంగానికి మొట్టమొదటి సవరణ చేశారు, 15వ అధికరణలో నాలుగో క్లాజు అలా పుట్టిందే.

ప్రశ్న: సార్, నేను ఎస్వీయూలో ఎం.ఏ. ఎకనామిక్స్. తక్కువ ర్యాంకు పిల్లల్ని పెద్ద కాలేజీలో వేస్తే వాళ్లు అక్కడ తట్టుకోలేక ఫెయిలవుతారు, అదే వాళ్ల స్థాయి కాలేజీలో అయితే బాగా చదివేవాళ్లు అని సోవెల్ అంటాడు కదా, సెమినార్‌లో దీనికి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ దేనికి నాయనా, ఇది కొలవదగిన ప్రశ్న, కొలిచినవాళ్లున్నారు. మన దేశంలో ఒక రాష్ట్రంలోని 200కి పైగా ఇంజినీరింగ్ కాలేజీల అడ్మిషన్లను పట్టుకుని బాగ్డే, ఎపుల్, టేలర్ అనే ముగ్గురు 2016లో వ్యాసం వేశారు. కోటాల వల్ల వెనకబడిన కులాల పిల్లలు మంచి కాలేజీలకు ఎక్కువగా చేరారు, తట్టుకోలేక దెబ్బతిన్నారు అనడానికి ఆధారం దొరకలేదు. అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అని ఇద్దరు 1980 నుంచి 2002 దాకా రైల్వేల లెక్కలు చూశారు, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులు ఎక్కువగా ఉన్నచోట ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారం లేదు. సోవెల్ ఐదు దేశాల పుస్తకం 2004ది, ఈ రెండూ దాని తర్వాత వచ్చినవి. ఫలితం చూడమన్న మనిషికి ఫలితమే చూపించు, సెమినార్‌లో అంతకంటే మర్యాదైన జవాబు ఉండదు.

అయితే ఒక మాట, దీన్ని తీసుకెళ్లి ఎక్కడా ఎవరూ ఇబ్బంది పడటం లేదని చెప్పకు. ఊళ్లో తెలుగు మీడియం చదివి వచ్చి మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు క్లాసు ఒక్క ముక్క అర్థం కాక హాస్టల్లో ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను, వాళ్లలో ఓసీ పిల్లలూ ఉన్నారు. అప్పటి కాలేజీల్లో వాళ్లకు సాయంత్రం ఒక గంట విడిగా చెప్పినవాళ్లు తక్కువ. ఇది కోటా తప్పా, పాఠం చెప్పేవాళ్ల తప్పా అని సెమినార్‌లో ఎవరైనా అడిగితే రెండోదే అని నా పేరు చెప్పి చెప్పు, నేనూ ఆ పాఠం చెప్పేవాళ్లలో ఒకణ్ణే.

ఎవరైనా మెరిట్ అంటూ గొంతు పెంచితే మాత్రం ఒకటి అడుగు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి మన రాయలసీమ, నెల్లూరు పిల్లలకు ఎస్వీయూ పరిధిలో 85 శాతం సీట్లు లోకల్ కోటా. గుంటూరు పిల్లవాడికి మనకంటే మంచి ర్యాంకు వచ్చినా ఇక్కడ సీటు మనదే. దీని మీద తిరుపతిలో ఎవరైనా మెరిట్ చచ్చిపోయిందని ధర్నా చేశారా? ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లు డబ్బున్నవాళ్లవి, కోటా ఇంజినీరు కడితే వంతెన కూలుతుంది అనేవాళ్లెవరూ అక్కడ నోరెత్తరు.

ప్రశ్న: నేను చిత్తూరులో రిటైరైన హెడ్‌మాస్టర్ని. కులం మాటే లేకుండా కేవలం ఆదాయం చూసి ఇస్తే ఈ తలనొప్పులన్నీ పోతాయి కదా. వివక్ష ఇప్పుడెక్కడుంది చెప్పండి.

జవాబు: మాస్టారూ, మీరు నాకంటే పెద్దవారు, అయినా చెప్పక తప్పదు. ఆదాయం చూసి ఇచ్చేది 2019 నుంచి ఉంది, ఓసీల్లో పేదలకని పెట్టిన ఈడబ్ల్యూఎస్ 10 శాతం, 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2తో ఒప్పుకుంది. దానికి ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. నెలకు అరవై ఐదు వేలు వచ్చే ఇంటిని చిత్తూరులో ఎవరైనా పేదిల్లు అంటారా? ఓబీసీల్లో పైకొచ్చినవాళ్లను కోటా నుంచి తప్పించే క్రీమీలేయర్ గీత కూడా అదే 8 లక్షలు, పైగా అందులో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. 1993లో ఆ గీత లక్ష రూపాయలు. ఆదాయం చూడటం మొదలుపెట్టగానే గీత ఎక్కడ గీయాలో కూడా ముందు బంతివాళ్లే నిర్ణయిస్తారు, కాబట్టి తలనొప్పి పోదు, పక్కకు జరుగుతుంది. ఆ గీతను నిజమైన పేదల దగ్గరికి దించాలంటే మాత్రం మీ పక్కనే నిలబడతాను.

ఇక వివక్ష ఎక్కడుంది అన్నారు. థోరట్, అట్వెల్ అనే ఇద్దరు పేపర్లో ప్రకటన వచ్చిన ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే రకం చదువులతో దరఖాస్తులు పంపారు, పేరు మాత్రమే మార్చారు. దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం పెద్దకులం పేరుతో పోలిస్తే మూడింట రెండొంతులే అని 2007లో అచ్చువేశారు. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ. సంస్థల పేర్లు వాళ్లు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

నా చిన్నప్పుడు పుంగనూరు వైపు మా మేనత్త ఊళ్లో టీ కొట్టు ఉండేది. లోపల బల్ల మీద గాజు గ్లాసులు, బయట చూరుకు తీగతో కట్టిన రెండు కొబ్బరి చిప్పలు. వాటిలో తాగినవాళ్లే వాటిని కడిగి మళ్లీ చూరులో దోపి పోవాలి. ఆ చిప్పలో తాగేవాళ్లలో ఒకాయనకు నాలుగెకరాల పొలం, జత ఎద్దులు ఉండేవి, గ్లాసులో తాగేవాళ్లలో పూట గడవనివాళ్లు ఉండేవాళ్లు. ఆదాయ సర్టిఫికెట్ ఆ చిప్పను కొలవలేదు మాస్టారూ. కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లో రాశారు. ఆయనా ఆర్థికవేత్తే, ఆయనా సోవెల్ చదివిన కొలంబియాలోనే చదివారు. స్వేచ్ఛగా పోటీ పడనివ్వండి, బజారే వివక్షకు జరిమానా వేస్తుంది అన్నది సోవెల్ తరహా ఆర్థికవేత్తల నమ్మకం. బజారులోకే రానివ్వని చోట ఆ జరిమానా ఎవరు వసూలు చేస్తారు? మళ్లీ అదే అంబేడ్కర్ 1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో రిజర్వేషన్ మొత్తం సీట్లలో తక్కువ భాగానికే పరిమితం కావాలి, లేకపోతే అవకాశాల్లో సమానత్వం అన్న మాటే నాశనమవుతుందనే అర్థంలో మాట్లాడారు. రిజర్వేషన్లు 50 శాతం దాటాలని ఇప్పుడు తొందరపడుతున్నవాళ్లు ఆ పేజీ కూడా తిప్పితే మంచిది.

ప్రశ్న: ఇంత రాస్తున్నారు, ఇంతకీ మీ కులం ఏమిటి? దాయకుండా చెప్పగలరా? (పేరు రాయలేదు, పోస్టల్ ముద్ర తిరుపతిది)

జవాబు: ఓసీనే. మా తాత కరణం. ఇంట్లో చెక్కబీరువా నిండా అడంగళ్లు, దస్తావేజులు, ఒక పాత నిఘంటువు. 1978లో నేను డిగ్రీలో చేరినప్పుడు అప్లికేషన్ నింపింది మా పెదనాన్న. వసారాలో మడత మంచం మీద కూర్చుని, మూడు కాలేజీల ఫారాలు తెప్పించి పరుచుకుని, ఏ కోర్సుకు ఎన్ని సీట్లున్నాయో గుమాస్తాను ముందే కనుక్కొచ్చి, ప్రతి గడి పక్కనా పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, ఇక్కడ సంతకం చెయ్యి, ఇక్కడ, ఇక్కడ అని ఫారాలు నా ముందుకు జరిపాడు. నేను సంతకాలు చేశాను.